ఆరున్నొకటి

కలీచా గేటుకు అడ్డంగా నిలబడింది. రెండు చేతులూ మోచేతుల దాకా పిండిమయం. లారీ డ్రైవరు ఇంజను ఆపలేదు, అలాగని బండి ముందుకీ కదల్చలేదు. లారీ మీద గొలుసులతో కట్టిన తెల్ల కారు ఎడమ పక్క తలుపులు రెండూ లోపలికి నొక్కుకుపోయి ఉన్నాయి.

"ఇది నా ముంగిట్లోకి రాదు," అంది కలీచా.

చావు జరిగి ముప్పై తొమ్మిదో రోజు అది. రేపు నలభయ్యో రోజు భోజనాలు. పెరట్లో రెండు పొయ్యిల మీద, నూనెలో, పిండి ముక్కలతో చేసే బోర్సోక్‌లు వేగుతున్నాయి. కొచ్కోర్ ఊళ్ళో సగం మంది రేపు ఈ ముంగిట్లోనే కూర్చుంటారు. కలీచా పెద్దకొడుకు తాలాయ్ ప్రాణం పోయింది ఆ ఎడమ సీట్లోనే. బండి నడుపుతున్నది చిన్నకొడుకు ఉలాన్. జపాను బండి కాబట్టి స్టీరింగు కుడివైపు ఉంది, ఉలాన్ ఒంటి మీద గీత కూడా పడలేదు.

ఆవిడ మొగుడు జెతిబాయ్ షెడ్డులోంచి గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. కారు కింద నిలబడి పని చేసే గుంత ఆ షెడ్డులో ఉంది. నలభై ఏళ్ళుగా ఆ ఊరి బండ్ల చక్రాలన్నీ ఆ గుంత మీదే వంకర తీర్చుకున్నాయి. ఆయన డ్రైవరుతో, బండిని గుంత మీదకి దించమన్నాడు.

కలీచా కదల్లేదు. రేపు ఊరంతా వస్తారని, నా బిడ్డని చంపినదాన్ని చూపించి నలుగురికీ అన్నం పెడతావా అని అడిగింది. పోలీసులు ఇంక తీసుకుపొమ్మన్నారు, ఎక్కడ పెట్టమంటావని ఆయన అడిగాడు. ఏట్లో తొయ్యమంది.

"వాడే చంపాడని ముప్పై తొమ్మిది రోజుల నుంచి నువ్వే అంటున్నావు," అన్నాడు జెతిబాయ్. "మరి బండి మీద కోపం దేనికి?"

కలీచా లారీ వైపు ఒకసారి చూసింది. పక్కకి జరిగింది. లారీ వెనక్కి వచ్చింది.

వాడు అంటే ఉలాన్. కొడుకు పేరు ఆవిడ ఎత్తి ముప్పై తొమ్మిది రోజులైంది. అన్నని మట్టి చేసిన రోజు వాడు సమాధి దగ్గర పార పట్టుకోబోతే ఆవిడే పంపిన మనిషి వచ్చి పార లాక్కున్నాడు. ఆ రాత్రి నుంచి వాడు నాలుగిళ్ళ అవతల ఒక ముసలామె గొర్రెల పాకలో పడుకుంటున్నాడు. నలభయ్యో రోజుకి గడప తొక్కద్దని తల్లి కబురు పెట్టింది. అన్న నలభయ్యో రోజుకి రాని తమ్ముడు ఆ ఊళ్ళో ఇక తమ్ముడు కాడు. రేపు వాడికి ఈ ముంగిట్లో చోటు లేకపోతే ఇక ఎప్పటికీ లేనట్టే.

ఉలాన్ చెప్పింది ఒక్కటే మాట. దొలొన్ కనుమ దిగుతుంటే, తడి మలుపు దగ్గర బండి మాట వినలేదని, ఆగి ఉన్న బొగ్గు లారీ వైపు తనే జారిందని. ఎవరూ నమ్మలేదు. పోలీసులు టైర్లు చూసి, రోడ్డుని పట్టుకునే రబ్బరు గుండీలు బాగానే ఉన్నాయని రాశారు. టైర్లు బాగుంటే తప్పు ఎవరిది? కుర్రాడి వేగానిది. ఊరికి అంత లెక్క చాలు.

*

తాలాయ్ భార్య మేరిమ్ కొంగుకి చేతులు తుడుచుకుని మామగారి వెనకే షెడ్డులోకి వెళ్ళింది. ఎవరూ పిలవలేదు. ఆయన గుంత దగ్గరికి వెళ్ళాడంటే ఆమె వెళ్ళాల్సిందే, నాలుగేళ్ళుగా అదే అలవాటు.

నడుం వంగట్లేదు, కోడలు కొలతలు చదువుతుందని జెతిబాయ్ ఊళ్ళో చెప్పుకుంటాడు. నడుం బ్రహ్మాండంగా వంగుతుంది. కళ్ళే పోతున్నాయి. రెండు కళ్ళలోనూ పొర కమ్మింది. మనిషిని ఆకారం బట్టి, బండిని చప్పుడు బట్టి పోలుస్తాడు. కొలకర్ర మీద గీతలు మాత్రం ఆకారానికీ చప్పుడుకీ లొంగవు. అందుకని వాటిని మేరిమ్ చదువుతుంది. ఈ సంగతి ఆయనా చెప్పలేదు, ఆమె కూడా అడగలేదు. ఒకరోజు కొలకర్ర ఆమె చేతికిచ్చాడు, అంతే.

ఇంకో చిక్కు ఉంది. వాళ్ళ ఆచారంలో కోడలు మామ పేరు పలకకూడదు. పేరే కాదు, పేరులో ఉన్న మాట కూడా పలకకూడదు. వాళ్ళ భాషలో జెతి అంటే ఏడు. కాబట్టి పదకొండేళ్ళుగా మేరిమ్ నోట్లో ఏడు అనే అంకె లేదు. ఆరు, ఆరున్నొకటి, ఎనిమిది. వారానికి రోజులెన్నంటే ఆరున్నొకటి. కూతురు బెగిమాయ్‌ని బళ్ళో వేసినప్పుడు పంతులమ్మ వయసు అడిగితే ఆరున్నొకటి అంది. అయితే అరవై ఒకటి అని రాసుకోనా అని పంతులమ్మ ఆటపట్టించింది. ఆ రోజు ఇంటికొచ్చి చెప్తే తాలాయ్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

కారు ముందు చక్రాలు గుంత అంచున నిలిచాయి. జెతిబాయ్ జాకీ పెట్టి ముందుభాగం లేపాడు. స్టీరింగు చివరిదాకా తిప్పమన్నాడు. మేరిమ్ కుడి తలుపు తీసి, లోపలికి చూడకుండా, చెయ్యి మాత్రం పెట్టి తిప్పింది. చక్రం ఓరగా తిరిగి లోపలి వైపు బయటపడింది.

ఆయన అరచెయ్యి టైరు మీద పెట్టాడు. బయటి అంచు నుంచి మొదలుపెట్టి మెల్లగా లోపలికి నిమురుతూ వెళ్ళాడు. కొడుకులిద్దరికీ చిన్నప్పుడు ఎక్కాలతో పాటు నేర్పిన పాఠం అది. మధ్యలో అరిగితే గాలి ఎక్కువ. రెండంచులూ అరిగితే గాలి తక్కువ. గుంటలు గుంటలుగా అరిగితే షాకబ్జర్ చచ్చింది. ఒక్క చక్రమే ఒక పక్క అరిగితే, ఎక్కడో గుద్దుకుని ఏదో వంగింది.

చెయ్యి లోపలి అంచుకి చేరి ఆగింది.

అక్కడ గుండీలు లేవు. రబ్బరు అద్దంలా నున్నగా ఉంది. ఇంకొంచెం లోపలికి వెళ్తే నునుపు కూడా పోయి తీగలు తేలాయి. ఒక తీగ ఆయన వేలికి గుచ్చుకుంది. వేలు నోట్లో పెట్టుకుని, అటు చక్రం కూడా చూడమన్నాడు. మేరిమ్ చూసింది. అదీ అంతే. బయట కొత్తది, లోపల బోడి.

"రెండూనా?"

"రెండూ."

"పళ్ళు లేచాయా? ఇటు నిమిరి, తిరగేసి అటు నిమురు."

మేరిమ్ నిమిరింది. ఒక వైపు చెయ్యి మెత్తగా జారింది. ఇంకో వైపు రంపం మీద పెట్టినట్టు కోసుకుంది. లేచాయని చెప్పింది.

జెతిబాయ్ జాకీ దించేశాడు. ఆ జవాబు ఆయనకి తెలుసు. రెండు చక్రాలూ లోపలే అరిగి, పళ్ళు లేచాయంటే, ఏదీ గుద్దుకోలేదు, ఏదీ వంగలేదు. చక్రాలు రెండూ ఎడమొహం పెడమొహంగా, ఒకటి కుడికీ ఒకటి ఎడమకీ చూస్తూ రెండు నెలలు రోడ్డు మీద ఈడ్చుకుంటూ పరిగెత్తాయి. తడిలో, మలుపులో, ఆ బోడి అంచు దేన్ని పట్టుకుంటుంది? పిల్లవాడు బండి మాట వినలేదన్నాడు. వినలేదు మరి.

ఆ చక్రాల చూపు సరిచేసింది ఎవరు? జనవరి చివర్లో, ఇదే గుంత మీద, ఈయనే.

గుంతలోకి దిగి, చక్రాలని తిప్పే టై రాడ్ల మీద లాక్ నట్లు తడమమన్నాడు. సరిచేసిన ప్రతి బండికీ ఆయన నట్టు మీద మైనపు సుద్దతో అడ్డగీత గీస్తాడు. నట్టు కదిలితే గీత విరుగుతుంది. గీత విరిగిందా అని అడిగాడు. విరగలేదని చెప్పింది మేరిమ్. మరెవరూ దాన్ని ముట్టుకోలేదు.

"కొలకర్ర తీసుకో," అన్నాడు ఆయన.

*

ఆ పని నేర్చుకోవడానికి చదువక్కర్లేదు. రెండు ముందు చక్రాల మధ్య దూరం ముందువైపు కొలవాలి, వెనకవైపు కొలవాలి. ముందు దూరం వెనక దూరం కన్నా రెండు గీతలు తక్కువ ఉండాలి. అంటే చక్రాలు ఒకదాన్నొకటి కొంచెం చూసుకుంటూ ఉండాలి, కాపురం చేసే మొగుడూ పెళ్ళాల్లాగా. గీత అంటే మిల్లీమీటరు.

మేరిమ్ గుంతలో నిలబడి వెనక కొలిచింది. ముందుకి జరిగి ముందు కొలిచింది. వెలుతురు బాగానే ఉంది, పట్టపగలు. అయినా మళ్ళీ కొలిచింది.

"ఎంత తేడా?" పైనుంచి అడిగాడు.

గీతలు లెక్కపెట్టింది. ఆరు దాటి ఇంకొక్క గీత. ఆరున్నొకటి అని నాలుక చివరిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది, జనవరిలో ఇదే చోట నిలబడి ఆ మాట తను అనడం.

"మేరిమ్?"

"ఏడు," అంది.

ఆయన వంగి గుంతలోకి చూశాడు, కనపడకపోయినా.

"ఏమన్నావు?"

"ఏడు మామయ్యా. ముందు దూరం ఏడు గీతలు ఎక్కువ."

పదకొండేళ్ళలో ఆమె నోట ఆయన పేరు అంతవరకూ వచ్చింది అదే మొదటిసారి. ఇంకో రోజైతే అది పెద్ద తప్పే, కలీచా విని ఉంటే చెంపలు వాయించుకోమనేది. జెతిబాయ్‌కి అది తట్టినట్టు లేదు. ఆయన లెక్క వేసుకుంటున్నాడు. రెండు తక్కువ ఉండాల్సింది ఏడు ఎక్కువ ఉంది, అంటే తొమ్మిది తేడా. జీవితంలో ఒక గీత, ఒకటిన్నర గీత తప్పాను గానీ తొమ్మిది ఎప్పుడూ తప్పలేదు, ఈ తొమ్మిది ఎక్కడి నుంచి వచ్చిందని పైకే అడుగుతున్నాడు.

మేరిమ్ గుంతలోంచి పైకి రాలేదు. అక్కడే నిలబడి చెప్పింది.

ఆ రోజు నార్యన్ నుంచి కలీచా పుట్టింటివాళ్ళు చెప్పాపెట్టకుండా దిగారు. ఇంటికి చుట్టాలొస్తే టీ పొయ్యాల్సింది కోడలు. అత్తగారు గడప మీద నిలబడి ఒకసారి పిలిచింది, రెండుసార్లు పిలిచింది. మేరిమ్ ఇక్కడే, చక్రాల వెనక కొలకర్ర పట్టుకుని ఉంది. నూట నలభై ఆరు సెంటీమీటర్లు దాటి ఒక గీత. మామూలుగా అయితే అలాంటప్పుడు ఆమె నూట నలభై వదిలేసి "ఆరు మీద ఒక గీత" అని విడమర్చి చెప్పేది. అలా కాకపోతే ఆమె ఆరున్నొకటి ఏడుగా మారిపోతుందని ఇద్దరికీ తెలుసు. మూడోసారి అత్తగారి గొంతు లేచింది. మేరిమ్ "ఆరున్నొకటి" అని కేకేసి, గుంతలోంచి ఎగబాకి పరిగెత్తింది.

"మీరు నూట నలభై ఏడనుకున్నారు," అంది. "ఆరు మీద ఒక గీతకీ, ఏడుకీ మధ్య తొమ్మిది గీతలు."

అసలు ఆ బండికి ఆ రోజు ఏమీ లేదు. చక్రాలు సరిగ్గానే ఉన్నాయి. వెనక దూరం తొమ్మిది గీతలు ఎక్కువుందనుకుని, సరిగ్గా ఉన్నవాటిని జెతిబాయ్ ముందువైపు తొమ్మిది గీతలు తెరిచాడు. మళ్ళీ కొలిచి చూద్దామంటే కోడలు టీ పోస్తోంది. చుట్టాల ముందుకెళ్ళి నా కళ్ళు రావడం లేదు, కోడలిని పంపండి అని అడిగే రకం కాదాయన. చేత్తో తడిమి చూసుకుని, సరిపోయిందనుకుని, సుద్దగీత గీశాడు. మేరిమ్ తిరిగొచ్చేసరికి తాలాయ్ ఆ బండితో ఆ చుట్టాలనే ఎక్కించుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత తాలాయ్ రెండుసార్లు చెప్పాడు. చక్రాలు ఏడుస్తున్నాయి నాన్నా, బండి రోడ్డు మీద దారి వెతుక్కుంటోంది అని. కొత్త టైర్లు, నాలుగు రోజులు ఏడ్చి మానేస్తాయన్నాడు తండ్రి. తాలాయ్ ఇంకో మేస్త్రీ దగ్గరికి వెళ్ళలేదు. కన్నతండ్రి గుంత ఉండగా వేరేవాడి గుంత ఎక్కితే ఊరు ఏమనుకుంటుంది? తాలాయ్ అలాంటివాడు.

"నేను తప్పు విన్నాను," అన్నాడు జెతిబాయ్.

"నేను తప్పు చెప్పాను."

"మళ్ళీ కొలవనిది నేను."

"నేను ఒక్క నిమిషం ఆగి ఉంటే చాలు కదా మామయ్యా. ఒక్క నిమిషం. టీ చల్లారిపోయేది, అంతేగా?" గుంత గోడకి నుదురానించి ఏడ్చింది. ముప్పై తొమ్మిది రోజులుగా పదిమంది మధ్య, పద్ధతిగా, పాట కట్టి ఏడ్చిన ఏడుపు కాదది. దానికి పాటా లేదు, పద్ధతీ లేదు.

ఆయన గుంత అంచున కూర్చున్నాడు. ఏడవద్దని అనలేదు. కాసేపయ్యాక చెప్పాడు, లోపలికెళ్ళి తనే చెప్తానని. నా కళ్ళు పోయాయని, ముసలి గుడ్డివాడు సరిగ్గా కొలవకుండా బిగించాడని చెప్తాడట. ఆరున్నొకటి సంగతి ఈ గుంత దాటకూడదట.

"రేపు నువ్వు అందరి ముందూ తాలాయ్ కోసం ఏడవాలి," అన్నాడు. "చంపుకున్నదే ఏడుస్తోంది అంటారు. అది నేను వినలేను బిడ్డా."

"మరి ఉలాన్?"

"నా తప్పని తెలిస్తే వాడి మీద పడ్డది పోతుంది కదా."

"మీ మీద పడుతుంది."

"నా మీద పడితే ఎన్నేళ్ళు మొయ్యాలి?" అన్నాడు. "వాడికి ఇరవై నాలుగు."

మేరిమ్ ఒప్పుకోలేదు, కాదనలేదు. ఆయన లేచి పంతొమ్మిదో నంబరు స్పానర్ కోసం తడిమాడు. ఆమె అందించింది. ఎందుకని అడగలేదు. ఎల్లుండి ఎవరో వచ్చి ముక్కలుగా కోసి పట్టుకుపోయే బండి అది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. అయినా వంకర చక్రంతో ఒక బండి ఆయన గుంత దిగడం ఆయన వల్ల అయ్యే పని కాదు.

ఆయన గుంతలోకి దిగి సుద్దగీతలు చెరిపి లాక్ నట్లు వదులు చేశాడు. ఇటు అరచుట్టు తిప్పితే అటూ అరచుట్టు తిప్పాలి, లేకపోతే స్టీరింగు ఓరగా నిలబడుతుంది. తిప్పిన ప్రతిసారీ ఆమె కొలిచింది. నాలుగు ఎక్కువ. ఒకటి ఎక్కువ. సమానం. రెండు తక్కువ. మళ్ళీ కొలవమన్నాడు. రెండు తక్కువ. ఇంకోసారి కొలవమన్నాడు. మూడోసారి కూడా రెండు తక్కువేనని చెప్పాక నట్లు బిగించాడు. సుద్దముక్క ఆమె చేతికిచ్చి, నువ్వు గియ్యి, నాకు కనపడటం లేదు అన్నాడు. పని మధ్యలో ఆ మాట ఆయన పైకి అనడం అదే మొదలు.

*

కలీచా పొయ్యి దగ్గర బోర్సోక్‌లు తీస్తోంది. పక్కన ఇద్దరు ఇరుగుపొరుగు ఆడవాళ్ళు పిండి కోస్తున్నారు. మేరిమ్ మోకాళ్ళకి గుంత మట్టి, మొహానికి నూనె నలుపు. అత్తగారు ఒక చూపు చూసి, రేపటికి ఈ అవతారంతోనే కూర్చుంటావా అని అడిగింది.

మామగారు చెప్పమన్నది మేరిమ్ చెప్పలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. టైరు లోపలి అంచు దగ్గర మొదలుపెట్టి, ఆరున్నొకటి దాకా, ఆ పైన తను గుంతలోంచి ఎగబాకి పరిగెత్తిన దాకా, ఇద్దరు పరాయివాళ్ళు వింటుండగా చెప్పింది. మామయ్య కళ్ళ సంగతి ఒక్కటే దాచింది. అది ఆమె చెప్పాల్సింది కాదు.

ఆడవాళ్ళ చేతుల్లో కత్తులు ఆగాయి. మూకుట్లో బోర్సోక్‌లు నల్లబడ్డాయి. కలీచా వాటిని తియ్యలేదు.

మేరిమ్ తిట్టుకోసం ఎదురుచూసింది. తిడితే బాగుండుననుకుంది. మొగుణ్ణి మింగావే అని జుట్టు పట్టుకుంటే, ఆ బరువు సగం దిగేది.

"మూడుసార్లు పిలిచాను," అంది కలీచా.

అదేమిటని ఒక పొరుగామె అనబోతే చెయ్యి ఎత్తి ఆపింది.

"మొదటిసారే వినపడిందని నాకు తెలుసు. పనిలో ఉన్నావని కూడా తెలుసు. మా వదిన ఉంది పక్కన. నీ కోడలికి నీ మాటంటే లెక్కలేదే అన్నట్టు చూసింది. అందుకని మూడోసారి అలా అరిచాను." ఆవిడ కింద కూర్చుంది, పొయ్యి పక్కనే, బూడిదలో. "టీ నేను పొయ్యలేనా? నాకు చేతుల్లేవా?"

తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఆ పాపమంతా ముప్పై తొమ్మిది రోజులు ఒక్కడి నెత్తిన పోసి తాళం వేశారు. ఇప్పుడు తాళం తీస్తే, ఇంట్లో ఒక్కొక్కరూ నాదంటే నాదని చేతులు చాపుతున్నారు. అయినా అది తరగడం లేదు. దుఃఖం అలాంటిది కాబోలు, ఎంతమంది పంచుకున్నా ఎవరి వాటా వారికి పూర్తిగానే వస్తుంది.

కలీచా మాడిన బోర్సోక్‌లని ఒక్కొక్కటే తీసి అవతల పారేసింది. పిండి కోసే వాళ్ళని కానివ్వమంది. చివరికి, కోడలి వైపు చూడకుండా చెప్పింది.

"వాణ్ణి రమ్మను. రేపు వచ్చినవాళ్ళ చేతుల మీద నీళ్ళు వాడే పొయ్యాలి. వాడి అన్న ఇంట్లో ఇంకెవడు పోస్తాడు?"

మీరే వచ్చి పిలవండి అత్తయ్యా అని మేరిమ్ మెల్లగా అంది. ఏ మొహం పెట్టుకుని పిలవను, నువ్వెళ్ళు అంది ఆవిడ.

*

గొర్రెల పాక వెనక ఉలాన్ కట్టెలు కొడుతున్నాడు. పక్కన గోడ ఎత్తున పేర్చిన కట్టెలు. వారం నుంచి రోజూ పొద్దున్నే తమ గేటు ముందు దించి ఉంటున్న కట్టెలు ఎక్కడివో మేరిమ్‌కి అప్పుడు తెలిసింది. ముసలామె పంపుతోందనుకుని అత్తగారు రెండుసార్లు ఆమెకి దీవెనలు కూడా పంపింది. అన్న భోజనాలకి వంటచెరకు తమ్ముడే కొట్టాడు, రావద్దన్న గడప దాకా తెచ్చి పడేసి వెళ్ళిపోయాడు.

ఆమె మొహం చూసి గొడ్డలి కింద పెట్టాడు. అమ్మకేమైనా అయిందా అని అడిగాడు.

మేరిమ్ అంతా చెప్పింది. ఇది మూడోసారి చెప్పడం. చెప్పేకొద్దీ తేలికవుతుందంటారు, అది వట్టిమాట. నీ తప్పు లేదు, బండి జారిందని నువ్వు చెప్పింది నిజమే, అమ్మ రమ్మంటోంది, రేపు నువ్వే నీళ్ళు పొయ్యాలట అని ముగించింది. అతని మొహంలో వెలుగొస్తుందని చూసింది. ఆ ఒక్క వెలుగు కోసమే ఆమె తన పరువంతా పొయ్యి దగ్గర పారబోసి వచ్చింది.

ఉలాన్ కట్టెల మొద్దు మీద కూర్చుండిపోయాడు.

"అమ్మ నిజంగా రమ్మందా?"

"నిజంగా."

"నా తప్పు లేదని రమ్మందా?"

"అవును ఉలాన్. లే."

అతను లేవలేదు. అరచేతుల్లో బొబ్బలు చిట్లి ఉన్నాయి. వాటినే చూసుకుంటున్నాడు.

"వదినా, నేను వేగంగానే వెళ్ళాను," అన్నాడు.

మేరిమ్‌కి మొదట అర్థం కాలేదు. బండి జారిందని చెప్పావు కదా అంది. జారింది, అది అబద్ధం కాదన్నాడు. కనుమ మీద అన్న చెప్పాడట, తడిగా ఉంది, నెమ్మదిగా పోనియ్ అని. సరేనన్నాడట. కాసేపటికి అన్న సీటు వెనక్కి వాల్చి నిద్రపోయాడు. పొద్దున్నుంచి తిండి లేదు, తొందరగా ఇల్లు చేరదామని ఉలాన్ అనుకున్నాడు. అన్న చూడటం లేదు కదా అనుకున్నాడు.

"అంతే వదినా. అన్న చూడటం లేదు కదా అని. ఇంకేం లేదు." "నెమ్మదిగా వెళ్ళి ఉంటే ఆ అరిగిన టైర్లు కూడా పట్టుకునేవేమో. పట్టుకునేవి కావేమో. నాకు తెలీదు. నాన్నకి కూడా తెలీదు. ఎవరికీ తెలీదు ఇక."

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"అందరూ తిడుతున్నారు కదా, దాంతో సరిపోతుందనుకున్నా. ఇప్పుడు నువ్వొచ్చి నాదంటున్నావు. నాన్న నాదంటున్నాడు. అమ్మ కూడా." మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "తప్పు లేనివాడిగా పిలిస్తే నేను రాలేను వదినా. తప్పు చేసినవాడిగా పిలిస్తే వస్తా. వచ్చి అందరి చేతుల మీదా నీళ్ళు పోస్తా. అలా పిలుస్తుందేమో అమ్మని అడుగు."

ఇంటికెళ్ళి ఈ మాట చెప్తే రేపటికి మళ్ళీ ఆ గేటు మూతపడుతుందేమో. చెప్పకపోతే వాడు రాడు. చెయ్యి పట్టుకుని లాక్కుపోదామా అనుకుంది మేరిమ్. చిన్నవాడు, తను కాపురానికి వచ్చేనాటికి పదమూడేళ్ళవాడు, తన చేతి తిండి తిని పెరిగినవాడు.

పాక మలుపులో ఎండుగడ్డి చప్పుడైంది.

కలీచా అక్కడుంది. చేతులకి పిండి అలాగే ఉంది. కొంగులో నాలుగు బోర్సోక్‌లు పట్టుకొచ్చింది, వేడివి, మాడనివి. కోడలిని పంపి ఇంట్లో ఉండలేక వెనకే బయల్దేరినట్టుంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో, ఎక్కడి నుంచి విందో వాళ్ళిద్దరికీ తెలియదు. ఉలాన్ లేచి నిలబడ్డాడు.

ఆవిడ కొడుకు మొహంలోకి చూసింది. ముప్పై తొమ్మిది రోజుల తర్వాత వాడితో మొదటి మాట మాట్లాడింది.

"ఎంత వేగం?" అని అడిగింది.